ఆపరేషన్ అయిన రోగి త్వరగా కోలుకోవాలంటే ఆసుపత్రి ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీది జిల్లా కేంద్రంలో 80 పడకల ఆసుపత్రి. ఇద్దరు సర్జన్లు, ఒక గైనకాలజిస్టు, ఆరోగ్యశ్రీ కేసులు ఎక్కువ. ఓటీ (ఆపరేషన్ థియేటర్) రోజూ ఆలస్యంగా మొదలవుతోంది, కొందరికి కుట్ల దగ్గర చీము పడుతోంది, మూడు రోజుల్లో ఇంటికి వెళ్లాల్సినవాళ్లు ఆరు రోజులు ఉండిపోతున్నారు. యాజమాన్యం లీన్ (పనిలో వృథాను తగ్గించే పద్ధతి), సిక్స్ సిగ్మా (తప్పులను లెక్కగట్టి తగ్గించే పద్ధతి) ట్రైనింగ్ పెట్టిద్దామంటోంది. ఫ్యాక్టరీల్లో పుట్టిన ఈ పద్ధతులు ఆపరేషన్లకు నిజంగా పనికొస్తాయా? వస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?

పనికొస్తాయి. నేను ఇరవై రెండేళ్లుగా మత్తు డాక్టర్‌గా పనిచేస్తున్నాను. చివరి తొమ్మిదేళ్లుగా క్వాలిటీ కమిటీ బాధ్యత కూడా నాదే. అయితే ట్రైనింగ్ సంగతి తర్వాత చూసుకోండి, ముందు ఒక్క రోగిని ఎంచుకోండి. ఏ పేరు పెట్టుకున్నా ఈ పద్ధతులన్నిటిలో చేసే పని ఒకటే: రోగి వెళ్లే దారంతా వెంట నడవడం, ఎక్కడ ఆగిపోతున్నాడో టైముతో సహా రాసుకోవడం, ఒక చిన్న మార్పు చేయడం, దానివల్ల మేలు జరిగిందో లేదో లెక్కపెట్టడం.

నాకు ఇది ఎలా అర్థమైందో చెబుతాను. అప్పట్లో నేను పనిచేస్తున్న ఆసుపత్రిలో గాల్‌బ్లాడర్ ఆపరేషన్ కోసం ఒక పెద్దావిడ చేరింది, అరవై దాటిన మనిషి. ఆపరేషన్ రోజు పొద్దున ఆరింటికి నోట్‌బుక్ పట్టుకుని ఆమె మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. చివరిసారి ఎప్పుడు తిన్నారమ్మా అని అడిగితే, "రాత్రి ఏడింటికి రెండిడ్లీలు తిన్నాను డాక్టరమ్మా, పదింటికి గుక్కెడు నీళ్లు తాగాను, ఇంక ఏమీ ముట్టుకోవద్దన్నారు" అంది. కొడుకు నీళ్ల బాటిల్‌ను మంచం కింద పెట్టి, దానిమీద తువ్వాలు కప్పాడు, అమ్మకు కనపడకూడదని. తొమ్మిదికి ఒకసారి, పదిన్నరకు ఒకసారి ఆమె నాలుకతో పెదాలు తడుపుకుంటూ "ఇంకా ఎంతసేపమ్మా" అని అడిగింది. లిస్టులో ఆమెది నాలుగో కేసు. ఓటీలోకి తీసుకెళ్లేసరికి మధ్యాహ్నం రెండయింది.

లెక్క వేసుకోండి. తిండి లేక 19 గంటలు, నీళ్లు లేక 16 గంటలు. మత్తు ఇచ్చింది నేనే. సెలైన్ పెట్టడానికి నరం దొరకలేదు, మూడుసార్లు గుచ్చాను. ఆపరేషన్ చక్కగా జరిగింది, కానీ సాయంత్రం కళ్లు తిరుగుతున్నాయి, వికారంగా ఉందని ఆవిడ మంచం దిగలేదు. మర్నాడు మధ్యాహ్నం దాకా దిగలేదు. కేస్ షీట్ చూస్తే ఎక్కడా ఏ తప్పూ లేదు. "రాత్రి 10 నుంచి నోటికి ఏమీ ఇవ్వరాదు" అని ఉంది, అలాగే చేశారు.

ఈ భయానికి ఒక చరిత్ర ఉంది. మత్తులో ఉన్నప్పుడు కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతే ఎంత ప్రమాదమో 1946లో అమెరికాలో మెండెల్సన్ అనే డాక్టర్ కాన్పు కేసుల్లో చూసి రాశారు. అప్పటినుంచి ప్రపంచమంతా రాత్రి నుంచే కడుపు ఖాళీగా ఉంచడం అలవాటైంది. తర్వాత జరిగిన పరిశోధనల్లో తేలిందేమిటంటే, మామూలు మనిషి కడుపులోంచి మంచినీళ్లు చాలా త్వరగా దిగిపోతాయి. 1999లోనే అమెరికా మత్తు డాక్టర్ల సంఘం మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి: తేలికపాటి ఆహారానికి 6 గంటలు, నీళ్ల వంటి పలచని ద్రవాలకు 2 గంటలు చాలు. ఇది మా డాక్టర్లందరికీ తెలుసు. పరీక్షలో అడిగితే అందరం సరిగ్గానే రాస్తాం. అయినా మా వార్డులో ఆ పెద్దావిడ 16 గంటలు నీళ్లు లేకుండా పడుకుంది.

తెలిసినదానికీ జరిగేదానికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని తగ్గించడానికే ఫ్యాక్టరీ పద్ధతులు మనకు ఉపయోగపడతాయి. టయోటా కంపెనీలో తైచీ ఓనో అనే ఇంజనీరు నేర్పిన ఒక అలవాటుంది: ఏదైనా తేడా వస్తే "ఎందుకు" అని ఐదుసార్లు అడగడం. మేం అడిగాం. ఆమెకు నీళ్లు ఎందుకు ఇవ్వలేదు? అందరికీ రాత్రి 10 నుంచి బంద్ అని సిస్టర్లు చెప్పారు కాబట్టి. అందరికీ ఒకే టైమ్ ఎందుకు? ఎవరిది ఎన్నో కేసో వార్డుకు తెలియదు కాబట్టి. ఎందుకు తెలియదు? ఓటీ లిస్టు పొద్దున ఎనిమిదికి గానీ రాదు. ఎందుకు రాదు? రాత్రికి ఏ కేసుకు ఆరోగ్యశ్రీ అప్రూవల్ వస్తుందో తేలక సర్జన్ గారు వరుస ఖాయం చేయడం లేదు. మరి అప్రూవల్ వచ్చేసిన కేసులనైనా ముందు ఎందుకు ఖాయం చేయడం లేదు? దీనికి ఎవరి దగ్గరా జవాబు లేదు, ఎందుకంటే ఆ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదు.

చూడండి, పెద్దావిడ దాహం దగ్గర మొదలై ఆఫీసు రూములో కంప్యూటర్ దగ్గర తేలాం. ఈ దారిలో చెడ్డవాళ్లు ఒక్కరూ లేరు. సిస్టర్‌ను పిలిచి మందలించి ఉంటే మర్నాడు ఇంకో పెద్దావిడ అలాగే పడుకుని ఉండేది.

మార్పు ఏం చేశామంటే, అప్రూవల్ ఉన్న కేసుల వరుస సాయంత్రం ఆరుకల్లా ఖాయం చేయడం, తేలని కేసులు లిస్టు చివర పెట్టడం. మొదటి రెండు కేసులకు పొద్దున ఆరింటి మందులతో ఒక గ్లాసు నీళ్లు. ఆ తర్వాతి వాళ్లకు ఓటీ నుంచి ఫోన్ వచ్చేదాకా నీళ్లు తాగే అనుమతి. అయితే ఇదంతా ఒకేసారి అందరికీ పెట్టలేదు. ఒక రోజు, ఒక రోగికి చేసి చూశాం. అనుకోవడం, చేయడం, చూడడం, సరిదిద్దడం అనే ఈ చిన్న చక్రాన్ని ప్లాన్, డూ, స్టడీ, యాక్ట్ అంటారు. షూహార్ట్ అనే ఇంజనీరు ఆలోచన ఇది, డెమింగ్ దాన్ని అందరికీ చేర్చారు. చక్రం ఎంత చిన్నదైతే అంత మంచిది. ఎందుకంటే మొదటి ప్రయత్నం తప్పకుండా ఎక్కడో దెబ్బతింటుంది.

మాకు రెండో రోజే దెబ్బతింది. రెండో కేసు రోగికి జ్వరం వచ్చి వాయిదా పడింది, మూడో మనిషిని ముందుకు జరిపారు. ఆయన అరగంట ముందే నీళ్లు తాగాడు. సర్జన్ గారికి కోపం వచ్చింది, "ఇందుకే పాత పద్ధతే నయం" అన్నారు. గంటన్నర ఆగి చేశాం. ఆ సాయంత్రం కూర్చుని ఒకటి చేర్చాం: కేసు వరుస మారితే మొదటి ఫోన్ వార్డ్ సిస్టర్‌కు వెళ్లాలి, ఆ ఫోన్ చేయాల్సింది ఓటీ ఇన్‌చార్జ్ సిస్టర్ ఒక్కరే. ఎవరు చేయాలో పేరు లేని పని ఎవరూ చేయరు. ఇంకో వారానికి ఇంకొకటి బయటపడింది. "పలచని ద్రవం" అన్నామని ఒక అటెండెంట్ పలచటి మజ్జిగ తాగించాడు. మజ్జిగ ఎంత పలచన చేసినా పాల పదార్థమే, పాలు కలిపిన టీ కూడా అంతే, వాటికి 6 గంటలు పట్టాల్సిందే. అప్పటినుంచి "పలచని ద్రవం" అన్న మాట తీసేసి "మంచినీళ్లు మాత్రమే" అని రాశాం. పేగు అడ్డుపడినవాళ్లు, నొప్పులు పడుతున్న గర్భిణులు, ఎమర్జెన్సీ కేసులు, షుగర్ వల్ల కడుపు నెమ్మదించినవాళ్లు ఈ లెక్కలోకి రారు. వాళ్ల సంగతి మత్తు డాక్టర్ విడిగా కేస్ షీట్‌లో రాయాలి.

ఇప్పుడు మీ రెండో సమస్య, చీము. ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే దీనిలో చేయగలిగింది చాలా ఉంది, ఖర్చు చాలా తక్కువ.

మీ వార్డులో యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఎప్పుడు ఇస్తున్నారో ముందు చూడండి. చాలాచోట్ల పొద్దున ఏడింటికి వార్డులోనే అందరికీ ఒకేసారి ఇచ్చేస్తారు. మొదటి కేసుకు అది సరిపోవచ్చు. పన్నెండింటికి కత్తి పెట్టే కేసుకు ఆ మందు ఇచ్చినా ఇవ్వనట్టే. 1992లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ ఆసుపత్రిలో 2,847 మంది మీద చేసిన పరిశీలన ఇప్పటికీ నేను అందరికీ చెబుతాను. కోతకు ముందు 2 గంటల లోపు మందు పడినవాళ్లలో 0.6 శాతం మందికే గాయం ఇన్ఫెక్షన్ వచ్చింది. అంతకంటే ముందే ఇచ్చేసినవాళ్లలో 3.8 శాతం. తేడా ఇచ్చిన టైములో ఉంది. ఇప్పుడు మామూలుగా వాడే సెఫజోలిన్ లాంటి మందులను కోతకు ముందు 60 నిమిషాల లోపు ఇవ్వడం ఆనవాయితీ.

దీనికి మేం చేసిన మార్పు చాలా చిన్నది. ఇంజెక్షన్ వయల్‌ను వార్డులో ఇవ్వకుండా ఒక కవరులో పెట్టి కేస్ షీట్‌కు పిన్ చేసి రోగితో పాటే ఓటీకి పంపడం, మత్తు ఇచ్చేటప్పుడు మత్తు డాక్టరే ఇవ్వడం. సర్జన్లకు, సిస్టర్లకు ఒక్క ఉపన్యాసం ఇవ్వలేదు. పని జరిగే చోటు మార్చాం, అంతే. వాంకోమైసిన్ లాంటివి నెమ్మదిగా ఎక్కించాలి కాబట్టి వాటిని ముందే మొదలుపెట్టాలి. ఆపరేషన్ నాలుగు గంటలు దాటితే సెఫజోలిన్ మళ్లీ ఒక డోసు ఇవ్వాలి.

ఆపరేషన్ తర్వాత ఐదు రోజులు, ఏడు రోజులు యాంటీబయాటిక్స్ రాసే అలవాటు సంగతి కూడా చెప్పాలి. శుభ్రమైన ఆపరేషన్ అయితే, ముందు జాగ్రత్త కోసం ఇచ్చే మందును ఆపరేషన్ పూర్తయ్యాక కొనసాగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో గట్టిగా చెప్పింది. దీన్ని ఒప్పించడం కష్టం, నాకు తెలుసు. అందుకే దీంతో మొదలుపెట్టకండి. ముందు టైమింగ్ సరిచేసి, ఆరు నెలల లెక్క చేతిలో పెట్టుకుని అప్పుడు సర్జన్ గారితో మాట్లాడండి. ఆయన భయం ఆయనకుంటుంది, లెక్క చూస్తే ఆయనే ఒక మెట్టు దిగుతారు.

ముందురోజు రాత్రి బ్లేడుతో షేవింగ్ చేయించడం వెంటనే ఆపేయండి. కంటికి కనపడని గాట్లు పడి అక్కడ క్రిములు పెరుగుతాయి. వెంట్రుకలు తీయక తప్పకపోతే క్లిప్పర్ వాడాలి. ఇంకొకటి, చలి. మన ఓటీల్లో గౌన్ల కింద చెమటలు పట్టే సర్జన్ కోసం ఏసీ 18లో పెడతాం, బల్ల మీద బట్టలు లేని రోగి వణికిపోతుంటాడు. పెద్దపేగు ఆపరేషన్ల మీద 1996లో వచ్చిన ఒక పరిశోధనలో శరీరం చల్లబడినవాళ్లలో 19 శాతం మందికి గాయం ఇన్ఫెక్షన్ వస్తే, వెచ్చగా ఉంచినవాళ్లలో 6 శాతం మందికే వచ్చింది. ఓటీలోకి వచ్చేదాకా ఒక దుప్పటి, వేడి చేసిన సెలైన్, వీలైతే వేడిగాలి దుప్పటి మెషిన్. మత్తు ఇచ్చి గుడ్డలు కప్పేదాకా ఏసీ చలి కొంచెం తగ్గించండి. సర్జన్ గారు ఆ పది నిమిషాలు ఓర్చుకుంటారు.

చెక్‌లిస్ట్ గురించి మీరు అడగలేదు, కానీ అది లేకుండా ఈ మాట పూర్తి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాలతో ఒక సర్జికల్ చెక్‌లిస్ట్ విడుదల చేసింది. అమెరికా సర్జన్ అతుల్ గవాండే బృందం దాన్ని ఎనిమిది నగరాల్లో ఎనిమిది ఆసుపత్రుల్లో పరీక్షించింది, మన ఢిల్లీ కూడా వాటిలో ఒకటి. మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, పెద్ద సమస్యలు 11 శాతం నుంచి 7కి తగ్గాయని 2009లో ప్రచురించారు. ఐదేళ్ల తర్వాత కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల లెక్కలు తీస్తే చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. అదే కాగితం. ఒకచోట పనిచేసింది, ఇంకోచోట చేయలేదు. ఎందుకని వాదనలు చాలా జరిగాయి. నేను నా కళ్లతో చూసిందాన్ని బట్టి చెబుతాను.

ఒక ఆసుపత్రిలో పొద్దున ఎనిమిదికి థియేటర్ టెక్నీషియన్ కుర్చీలో కూర్చుని ఆ రోజు ఐదు కేసుల చెక్‌లిస్టులకూ అన్ని గడులకూ టిక్కులు పెట్టేస్తుండగా చూశాను. మొదటి రోగి ఇంకా వార్డులోనే ఉన్నాడు. రోగిని పంపేముందు రక్తం అద్దే గాజ్ గుడ్డల లెక్క సరిపోయిందన్న గడిలో కూడా టిక్కు ఉంది. ఆ కుర్రాడిని తప్పుపట్టలేను, ఫైలు పూర్తిగా ఉండాలని అతనికి చెప్పారు, ఎందుకో చెప్పలేదు. అందుకే మేం కాగితం తీసేసి పెద్ద బోర్డు పెట్టాం, గోడకు, అందరికీ కనపడేలా. స్క్రబ్ అయిన (చేతులు కడుక్కుని ఆపరేషన్‌కు సిద్ధమైన) సిస్టర్ పైకి చదవాలి, సర్జన్ ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాలి, చెప్పేదాకా ఆమె చేతిలోంచి కత్తి కదలదు. మొదట్లో ఇబ్బంది పడ్డారు. రోగి పేరు, ఏ వైపు, ఏ ఆపరేషన్, యాంటీబయాటిక్ పడిందా, రక్తం రెడీగా ఉందా. నిమిషం పట్టదు.

టయోటా ఫ్యాక్టరీలో ఏ కార్మికుడైనా తాడు లాగి పని నిలిపివేయమని అడగొచ్చు. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో పీటర్ ప్రొనొవోస్ట్ అనే డాక్టర్ ఐసీయూల్లో గొట్టాల వల్ల వచ్చే రక్తపు ఇన్ఫెక్షన్లను తగ్గించినప్పుడు కూడా ఐదు జాగ్రత్తల జాబితాతో పాటు ఇంకొకటి చేశారు: డాక్టర్ ఏదైనా వదిలేస్తే ఆపే అధికారం నర్సులకు ఇచ్చారు. మన దగ్గర అన్నిటికంటే కష్టమైనది ఇదే. ఒకసారి పెద్ద గర్భసంచి ఆపరేషన్ ముగింపులో ఉంది, సర్జన్ గారు పొట్ట మూయడం మొదలుపెట్టారు. ఉద్యోగంలో చేరి రెండు నెలలైన అమ్మాయి మాప్‌లు (పొట్టలో రక్తం పీల్చడానికి పెట్టే గుడ్డలు) లెక్కపెడుతోంది. నాకు మాత్రమే వినిపించేంత చిన్నగా "ఒకటి తక్కువుంది మేడమ్" అంది. గట్టిగా చెప్పమ్మా అన్నాను. "సార్, ఆగండి, ఒక మాప్ తక్కువుంది" అంది, గొంతు వణుకుతోంది. ఆయన ఆగారు. వెతికాం. కాలేయం పక్కన, మడతలో ఉంది. మర్నాడు పొద్దున ఆయన అందరి ముందూ ఆ అమ్మాయిని పేరు పెట్టి పిలిచి, "నిన్న నువ్వు లేకపోతే నా రోగి ఇవాళ ఎలా ఉండేదో" అన్నారు. ఆ తర్వాత మా ఓటీలో ఎవరి గొంతూ వణకలేదు. మీ ఆసుపత్రిలో ముందు ఇలాంటి ఒక సర్జన్‌ను వెతుక్కోండి. అందరూ ఒప్పుకునేదాకా ఆగక్కర్లేదు, ఒక్కరు చాలు.

ఇక కోలుకోవడం. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెహ్లెట్ 1990లలో ఒక మామూలు ప్రశ్న పట్టుకున్నారు: ఆపరేషన్ బాగానే జరిగిన రోగి ఇవాళ కూడా ఆసుపత్రిలో ఎందుకున్నాడు? నొప్పి, వాంతులు, పేగు కదలకపోవడం, గొట్టాలు, మంచం మీదే పడుకోబెట్టే అలవాటు. ఒక్కొక్కదాన్నీ తగ్గిస్తూ పోయారు. పొట్ట కోసి చేసే పెద్దపేగు ఆపరేషన్ తర్వాత కూడా కొందరిని రెండు రోజులకే ఇంటికి పంపగలిగామని 1999లో రాశారు. ఆ దారిలోనే ఇరాస్ (ఆపరేషన్ తర్వాత త్వరగా కోలుకునేలా చేయడం) అనే పద్ధతి పెరిగింది. ఏ ఒక్కటీ పెద్ద విద్య కాదు. అన్నీ కలిసి, ప్రతి రోగికీ, ప్రతి రోజూ జరగాలి. కష్టమంతా అక్కడే.

మన దగ్గర దీనికి ఇంకో మనిషి కావాలి, యూరప్ పుస్తకాల్లో ఆ మనిషి కనపడడు: అటెండెంట్. రోగిని లేపేదీ, తినిపించేదీ, పడుకోబెట్టేదీ కూతురో కోడలో. "కుట్లు తెగుతాయి, కదలకు" అనేది వాళ్లే. పప్పు తింటే చీము పడుతుందని మన ఊళ్లలో ఎంత గట్టి నమ్మకమో మీకు తెలుసు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాల్సిన రోజుల్లో రోగికి కారప్పొడి అన్నం, బ్రెడ్డు, పాలు పెడతారు. డాక్టర్ రౌండ్స్‌లో అర నిమిషంలో "అన్నీ తినొచ్చమ్మా" అని వెళ్లిపోతే ఆ నమ్మకం పోదు. మేం ఆపరేషన్‌కు ముందురోజే రోగినీ, దగ్గరుండే అటెండెంట్‌నూ కూర్చోబెట్టి పదిహేను నిమిషాలు మాట్లాడటం మొదలుపెట్టాం. ఆ మాటలు చెప్పేది అదే ఆపరేషన్ అంతకుముందు చేయించుకుని చెకప్‌కు వచ్చిన ఒకావిడ అయితే ఇంకా బాగా పనిచేసింది. "నేను మూడో రోజే పప్పన్నం తిన్నా వదినా, ఇదిగో చూడు" అని ఆవిడ చెబితే మేం చెప్పే పది మాటలకు సమానం.

మంచం తలాపున ఒక కార్డు వేలాడదీశాం, పెద్ద అక్షరాలతో. ఆపరేషన్ సాయంత్రం: కుర్చీలో కూర్చోవాలి. మర్నాడు పొద్దున: బాత్రూమ్ దాకా నడవాలి, మూత్రం గొట్టం తీశారా? అటెండెంట్ టిక్కు పెట్టాలి. గొట్టం ఇంకా ఉంటే ఆవిడే సిస్టర్‌ను అడుగుతుంది. నొప్పి మందు విషయంలో "అడిగితే ఇవ్వండి" అని రాయడం మానేసి, పారాసిటమాల్‌ను గంటల ప్రకారం ఇచ్చాం. మన పెద్దవాళ్లు నొప్పి ఉన్నా అడగరు, పళ్ల బిగువున భరిస్తారు, కదలకుండా పడుకుంటారు. కదలనివాళ్లకు ఊపిరితిత్తుల్లో నిమ్ము, కాళ్లలో గడ్డకట్టిన రక్తం. నొప్పి తగ్గితేనే నడుస్తారు.

డిశ్చార్జ్ ఆలస్యం మాత్రం వైద్య సమస్య కాదు, ఎక్కువగా సమ్మరీ టైపింగ్, బిల్లు, మందుల కౌంటర్. రేపు వెళ్లేవాళ్ల పేర్లు ఇవాళ సాయంత్రం రాసుకుని, సమ్మరీ రాత్రి డ్యూటీ డాక్టర్ తయారుచేస్తే సగం పని అయిపోతుంది. ఆరోగ్యశ్రీ ప్యాకేజీ డబ్బు ఎన్ని రోజులున్నా అంతే వస్తుంది కాబట్టి ఇక్కడ యాజమాన్యం మీ వైపే ఉంటుంది.

లెక్కల గురించి ఒక హెచ్చరిక. గాయం ఇన్ఫెక్షన్‌ను ఆపరేషన్ తర్వాత 30 రోజుల దాకా లెక్కపెట్టాలి, రాడ్డు, మెష్ లాంటివి పెడితే చాలా వాటికి 90 రోజులు. మన రోగులు చీము పడితే మళ్లీ మన దగ్గరికి రారు, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర కట్టు మార్పించుకుంటారు. కాబట్టి ఇప్పుడు మీ రిజిస్టర్‌లో ఉన్న సంఖ్య నిజం కాదు. ఏడో రోజు, ముప్పయ్యో రోజు ఫోన్ చేసి అడగండి: ఎర్రబడిందా, నీరు కారుతోందా, ఎవరైనా కుట్లు విప్పారా? అలా అడగడం మొదలుపెట్టగానే మీ ఇన్ఫెక్షన్లు పెరిగినట్టు కనపడతాయి. పెరిగింది మీ చూపు. ఈ సంగతి యాజమాన్యానికి ముందే చెప్పి పెట్టండి, లేకపోతే మూడో నెలలో మీ ప్రాజెక్టు ఆపేస్తారు. త్వరగా డిశ్చార్జ్ చేయడం మొదలుపెట్టాక తిరిగి చేరినవాళ్లెందరో కూడా పక్కనే రాయండి.

సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. వార్డు గోడ మీద ఒక గ్రాఫ్ పేపర్, వారానికి ఒక చుక్క, మధ్య విలువ దగ్గర ఒక గీత. గీతకు ఒకే వైపున వరసగా ఆరు చుక్కలు పడితే నిజంగా ఏదో మారిందని అర్థం. ఒక వారం బాగుందని పండగ చేసుకోవద్దు, ఒక వారం బాగాలేదని ఎవరినీ తిట్టొద్దు. ఆ గ్రాఫ్‌ను సిస్టర్లే వేయాలి. మీరు వేస్తే అది మీ గ్రాఫ్ అవుతుంది. కొత్తగా ఒక ఫారం పెడితే పాత ఫారం ఒకటి తీసేయండి, సిస్టర్లకు రాతపని ఇప్పటికే మోయలేనంత ఉంది.

సిక్స్ సిగ్మా గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అది 1980లలో మోటరోలాలో పుట్టింది, పది లక్షల అవకాశాలకు 3.4 తప్పులు అనే లక్ష్యంతో. నెలకు వంద ఆపరేషన్లు చేసే చోట అంత గణితం నిలబడటానికి సంఖ్యలే ఉండవు. మీ డబ్బు ఇప్పుడు దానిమీద పెట్టకండి. దానికి బదులు ఇద్దరు సిస్టర్లనూ ఒక టెక్నీషియన్‌నూ మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి లాంటి చోటికి పంపి చూసి రమ్మనండి. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో 11 పడకలతో మొదలుపెట్టారు. అక్కడ సర్జన్ ఒక కన్ను పూర్తిచేసేసరికి పక్క బల్ల మీద తర్వాతి రోగి సిద్ధంగా ఉంటాడు. సర్జన్ చేయి వేగం కంటే ముందు చూడాల్సింది ఆ సిద్ధం చేసే సిస్టర్ల శిక్షణను. మీ సాధారణ సర్జరీకి ఆ వేగం అక్కర్లేదు, దాన్ని లక్ష్యంగా పెట్టుకోవద్దు. ఎవరు ఏం సిద్ధం చేయాలో అంత స్పష్టంగా ఉండటం మాత్రం తెచ్చుకోండి.

మొదటి వారం మీరు చేయాల్సింది ఇంతే. సోమవారం లిస్టులో చివరి రోగి పక్కన పొద్దున ఆరు నుంచి కూర్చోండి, రాత్రి దాకా. మంగళవారం ఇంకొకరు. ఐదుగురయ్యాక సర్జన్, మత్తు డాక్టర్, వార్డ్ సిస్టర్, ఓటీ సిస్టర్, ఆరోగ్యశ్రీ డెస్క్ మనిషి, వార్డ్ బాయ్ ఒకే గదిలో కూర్చుని ఆ ఐదు కాగితాలు చదవాలి. వార్డ్ బాయ్‌ను వదిలేయకండి, ట్రాలీ ఎందుకు ఆలస్యమవుతుందో అతనికే తెలుసు. అక్కడ ఏది ముందు బాధ అనిపిస్తే దానితోనే మొదలుపెట్టండి, ఒక్కదానితో.

కూర్చోబోయే ముందు ఒక పని చేయండి. వార్డు గోడ గడియారం, ఓటీ గడియారం ఒకే టైమ్ చూపిస్తున్నాయేమో చూడండి. మా దగ్గర రెండిటికీ పదకొండు నిమిషాల తేడా ఉండేది. మొదటి వారం రాసుకున్న టైములన్నీ కొట్టేసి మళ్లీ రాయాల్సి వచ్చింది.